సొనాటా: చిన్నాయన నడిపిన బండి, దాని పుట్టుపూర్వోత్తరాలు

ఇంతవరకు ఇక్కడ మన ఊరి చెరువు గురించి, అవ్వ చేసే పులుసు గురించి, తాతల కాలంలో నెల్లూరు వైపు నించి మనవాళ్ళు ఇటు వలస వచ్చిన సంగతి గురించి రాస్తా వచ్చాను. ఈసారి ఒక కారు గురించి. మన ఇంటి కథల్లో కొరియా కారుకు ఏం పని అంటారేమో. పని ఉంది. ఇరుంగాట్టుకోట్టై మనకు కూతవేటు దూరం. 1996లో హ్యుందాయ్ వాళ్ళు అక్కడికి వచ్చారు. 1998లో శాంట్రో, మరుసటి ఏడు యాక్సెంట్, 2001లో పెద్ద కారు సొనాటా అమ్మకానికి పెట్టారు. ఆ సొనాటానే మన చిన్నాయన చెన్నైలో ఒక ట్రావెల్స్ యజమాని దగ్గర ఎనిమిదేళ్ళు నడిపాడు.

ఇంకో కారణం కూడా ఉంది. మా తమ్ముడి కూతురు హైదరాబాదులో చదువుతా ఉంది. హాస్టల్లో ఒకనాడు "అంగడికి పోయి సీక్రం వచ్చేస్తా" అన్నదంట. పక్కనున్న పిల్లలు పగలబడి నవ్వి, "అరవ తెలుగు" అని పేరు పెట్టారంట. అప్పట్నించి మా అమ్మాయి ఇంటికి ఫోన్ చేసినా ఇంగ్లీషులోనే మాట్లాడతా ఉంది. వాళ్ళమ్మ అడిగితే, "మనది అన్నీ కలిపేసిన భాష, అదొక భాషేనా" అన్నది. ఆ మాట విన్నాక నాకు చిన్నాయన బండి గుర్తుకొచ్చింది. ఇది ఆ పిల్ల కోసమే రాస్తున్నా, మిగతావాళ్ళూ చదవండి.

హ్యుందాయ్ మోటార్ కంపెనీ 1967లో మొదలైంది. మొదట్లో వాళ్ళకు కారు చేయడం తెలియదు. 1968లో ఉల్సాన్ అనే ఊళ్ళో ఫోర్డ్ కంపెనీ అనుమతితో, వాళ్ళ కార్టీనా కారును బిగించి అమ్మారు. 1975లో పోనీ అనే సొంత కారు తెచ్చారు. దాని ఆకారం గీసింది జుజారో అనే ఇటలీ మనిషి. 1983లో స్టెల్లార్ వచ్చింది. దాని అడుగు భాగం కార్టీనాది, ఆకారం మళ్ళీ జుజారోది, ఇంజను జపాన్ మిత్సుబిషీ వాళ్ళది. ఆ స్టెల్లార్‌కే ఇంకొన్ని హంగులు కూర్చి 1985లో సొనాటా అని పేరు పెట్టారు. ఎరువు సొమ్ము బరువు చేటు అని మనలో సామెత. మొదటి సొనాటా ఒంటి మీద ఉన్నవన్నీ ఎరువు సొమ్ములే.

పేరు కూడా ఎరువే. సొనాటా అంటే పాశ్చాత్య సంగీతంలో ఒక రకం రచన. ఆ పేరుతోనే వచ్చింది చిక్కు. కొరియా భాషలో "సో" అంటే ఆవు, ఎద్దు. "తా" అంటే ఎక్కడం. పేరును విరిచి చదివితే "గొడ్లు ఎక్కే బండి" అన్నట్టు వస్తుంది. జనం అదే పట్టుకొని ఎగతాళి చేశారు. కంపెనీ వాళ్ళు పేరును పారేయలేదు. వాళ్ళ లిపిలో మొదటి "స" పక్కన ఇంకో "స" చేర్చి, ఒత్తి పలికేటట్టు రాశారు. అంతే మార్పు. ఈనాటికీ కొరియా భాషలో ఆ కారు పేరుకు అదే స్పెల్లింగు.

ఆవు సంగతి వచ్చింది కాబట్టి ఇంకొకటి. హ్యుందాయ్ పెట్టిన చుంగ్ జు-యుంగ్ ఇప్పటి ఉత్తర కొరియాలో ఒక రైతు బిడ్డ. చిన్నప్పుడు నాయన ఆవును అమ్మి తెచ్చిన డబ్బు తీసుకొని ఇల్లు విడిచి సియోల్‌కు పారిపోయినాడు. 1998లో, ముసలితనంలో, రెండు విడతలుగా 1,001 పశువులను లారీల్లో ఎక్కించి సరిహద్దు దాటించి ఉత్తర కొరియాకు ఇచ్చి వచ్చాడు. చిన్నాయనకు ఈ కథంటే ప్రాణం. బండిలో ఎక్కిన ఒక కొరియా ఇంజనీరు వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పాడంట. "ఒక ఆవుకు వెయ్యిన్నొక్క ఆవు వడ్డీ కట్టినాడు చూడ్రా" అంటాడు చిన్నాయన.

1988లో రెండో సొనాటా వచ్చింది. ఇంజను తిప్పే బలం వెనక చక్రాల నించి ముందు చక్రాలకు మారింది, కారు అమెరికాకు ఓడ ఎక్కింది. 1993లో మూడో తరం. ఆ రోజుల్లో కొరియా పిల్లలకు ఒక పిచ్చి పట్టింది. సొనాటా వెనక ఉండే పేరులో మొదటి అక్షరం "ఎస్" పీకి దగ్గర పెట్టుకుంటే సియోల్ నేషనల్ యూనివర్సిటీలో సీటు వస్తుందని నమ్మకం. ఎన్నో బండ్లు ఆ అక్షరం లేకుండానే రోడ్ల మీద తిరిగినాయంట. పదేళ్ళ ముందు గొడ్ల బండి అని నవ్విన ఊళ్ళోనే ఇది జరిగింది.

చిన్నాయన నడిపింది 1998లో కొరియాలో వచ్చిన నాలుగో తరం. మన దేశంలో 2 లీటర్ల పెట్రోలు ఇంజనుతో వచ్చింది. తెల్ల బండి. "వెనక సీట్లో కూర్చున్నోళ్ళు వాలాజాపేట రాకముందే గురక పెడతారు" అనేవాడు. వెనక కాళ్ళు చాపుకొనే చోటు, గుంతలో పడినా లోపల తెలియకపోవడం, ఈ రెండూ ఆయన మెచ్చుకొనేవాడు. పెట్రోలు తాగడం మాత్రం మెచ్చుకొనేవాడు కాదు. ఒకసారి ఒక కొరియా కుటుంబాన్ని బెంగళూరు తీసుకుపోయినాడు. వెనక నించి చిన్నబిడ్డ "అప్పా" అని పిలిచింది. "నన్నే పిలిచిందనుకొని ఉలిక్కిపడి తిరిగి చూసినా. వాళ్ళ నాయన్ని పిలస్తా ఉంది!" వాళ్ళ భాషలోనూ నాయనను పిల్లలు అప్పా అంటారని ఆ రోజు తెలిసింది.

అసలు మలుపు 2004లో, ఐదో తరంతో. మన దగ్గర ఇది 2005లో ఎంబెరా పేరుతో వచ్చింది. ఇందులో పెట్టింది తీటా అనే ఇంజను, హ్యుందాయ్ వాళ్ళు సొంతంగా తయారుచేసింది. దాని నమూనా తీసుకొనే క్రైస్లర్, మిత్సుబిషీ కంపెనీలు కూడా తమ ఇంజన్లు చేసుకొన్నాయి. ఇరవై ఏళ్ళ ముందు ఎవరి ఇంజను ఎరువు తెచ్చుకొన్నారో, ఆ మిత్సుబిషీకే ఎరువిచ్చినారు. 2005లోనే అమెరికాలోని అలబామాలో ఫ్యాక్టరీ పెట్టి సొనాటా అక్కడే చేయసాగారు.

అంతా పూలబాట అని చెప్పను. 2009లో వచ్చిన ఆరో తరం చూడముచ్చటైన కారు. కానీ 2015లో అమెరికాలో 2011, 2012 మోడల్ సొనాటాలు సుమారు 4,70,000 వెనక్కి పిలవాల్సి వచ్చింది. ఇంజను భాగం చెక్కేటప్పుడు మిగిలిన లోహపు రజను లోపలే ఉండిపోవడం దానికి కారణం. సొంత ఇంజను అంటే దాని తప్పులూ సొంతమే. 2019లో ఎనిమిదో తరం వచ్చింది. దాని హైబ్రిడ్ బండికి పైకప్పు మీద సోలార్ పలకలు కూడా పెట్టారు. రోజుకు 6 గంటల ఎండ తగిలితే ఏడాదికి 1,300 కిలోమీటర్లు నడిచేంత కరెంటు వస్తుందని కంపెనీ లెక్క. మన శ్రీపెరుంబుదూరు ఎండకు ఇంకా ఎక్కువే వస్తుందని చిన్నాయన లెక్క!

ఇప్పుడు మా అమ్మాయికి నాలుగు మాటలు. నువ్వన్న "సీక్రం" తమిళం నించి మనకొచ్చింది, నిజమే. తమిళానికి అది సంస్కృతం "శీఘ్రం" నించి వచ్చింది. నిన్ను చూసి నవ్విన పిల్లలు "జల్దీ" అంటారు కదా, అదీ వాళ్ళ ఇంట్లో పుట్టింది కాదు. "అంగడి" అయితే పాత పుస్తకాల్లో ఉన్న మాట. మనవాళ్ళు ఈ పక్కకు వచ్చి ఎన్నో తరాలైంది. బడి తమిళం, కచేరీ తమిళం, సంత తమిళం. ఇంట్లో మాత్రం తెలుగు నిలిచింది. నిలవాలంటే పక్కింటి మాటలు కొన్ని తెచ్చుకోవాల్సి వచ్చింది. ఎరువు తెచ్చుకొన్నది వాడతా వాడతా మనదైపోతుంది. ఎవరో నవ్వినారని ఒక అక్షరం ఒత్తి పలుకు, కావాలంటే "శీఘ్రం" అను. మాటను మాత్రం వదలొద్దు. నువ్వు వదిలితే నీ తరవాత మన ఇంట్లో పలికేవాళ్ళు ఉండరు.

చిన్నాయనకు ఇప్పుడు 72 ఏళ్ళు. బండ్లు నడపడం మానేసినా, అడిగితే సొనాటా గేరు శబ్దం నోటితో చేసి చూపిస్తాడు. ఆయన మాటలు ఫోన్లో రికార్డు చేసి పెట్టాలని ఉంది. ఈ నెల ఎవరు ఊరికి వస్తారో చెప్పండి. ఆ తెల్ల బండి ఫోటో ఎవరి దగ్గరన్నా ఉంటే నాకు పంపండి. అమ్మాయీ, ఆయనకు నువ్వే ఫోన్ చెయ్యి. ఆయనకు ఇంగ్లీషు రాదు.