ముందు చెయ్యి, తరవాత చెట్టు

బ్యాగ్‌పైప్స్ కొనాలనుకునేవాళ్ళు మొట్టమొదట అడిగేది కర్ర గురించే. ఏ చెట్టుది, ఎంత నల్లగా ఉంటుంది, ఎన్నాళ్ళు నిలుస్తుంది? అడగవలసిన మాటలే. బాగా చూసుకుంటే మనవల చేతికి ఇవ్వగలిగిన వాయిద్యం అది. కానీ గ్లాస్గోలో ఉంటూ, అక్కడ బ్యాగ్‌పైప్స్ వాయించే పైపర్ల మాటలు వింటూ వచ్చాక నాకు గట్టిగా తోచిన సంగతి ఒకటుంది. కర్రను ఎంచడం తయారీదారు పని. మన పని ఆ తయారీదారుని ఎంచుకోవడం.

హైలండ్ బ్యాగ్‌పైప్స్ విప్పి చూస్తే తోలు సంచి ఒకటి, ఊదే గొట్టం ఒకటి, వేళ్ళు ఆడించే ఛాంటర్ ఒకటి, భుజానికి ఆనే డ్రోన్లు మూడు. ఛాంటర్ పలికేది తొమ్మిది స్వరాలే. వెనక నిలబడేదంతా శ్రుతి. ఛాంటర్ ఆధార స్వరానికి ఒక స్థాయి కింద రెండు టెనార్ డ్రోన్లు, రెండు స్థాయిల కింద బాస్ డ్రోన్ ఆగకుండా మోగుతాయి. మన వీధి భాగవతాల్లో మేకతోలు తిత్తి పట్టిన శ్రుతి విన్న చెవికి ఈ ఏర్పాటు కొత్త కాదు. తిత్తి శ్రుతి వరకే ఆగుతుంది. ఇక్కడ శ్రుతీ పాటా ఒకే ఊపిరి మీద నడుస్తాయి. డ్రోన్లు ఒకదానిలో ఒకటి కలిసి, ఛాంటర్‌తో లీనమయ్యాయా లేదా అన్నదే సెట్టుకు గీటురాయి.

ఈ గొట్టాలను మొదట్లో స్కాట్లండ్‌లో దొరికే కర్రతోనే చేసేవారు. హాలీ, లాబర్నమ్, పండ్ల చెట్లు, బురద నేలల్లో వేల ఏళ్ళు నాని నల్లబడిన ఓక్. తరవాత సామ్రాజ్యపు ఓడలు కొత్త కర్రలు మోసుకొచ్చాయి. జమైకా, క్యూబాల నుంచి కోకస్ వచ్చింది. సింహళం నుంచి ఎబొనీ వచ్చింది. అది మన తునికి చెట్టుకు దగ్గర చుట్టం. 19వ శతాబ్దం చివరికి ఆఫ్రికన్ బ్లాక్‌వుడ్ వీటన్నిటినీ పక్కకు నెట్టింది. టాంజానియా, మొజాంబిక్ అడవుల్లో పెరిగే ఆ చెట్టును స్వాహిలి భాషలో ఎంపింగో అంటారు.

నీళ్ళలో వేస్తే మునిగిపోయేంత చేవ దానిది. అంత చిక్కని కర్ర కాబట్టే లోపలి రంధ్రం అద్దంలా నున్నగా తెగుతుంది, తీర్చిన అంచు తీర్చినట్టే నిలుస్తుంది. సహజంగా నూనె ఉండటంతో తేమను తొందరగా తాగదు. బ్యాగ్‌పైప్స్‌కు పెద్ద గండం తేమే. లోపల వెచ్చటి తడి ఊపిరి, బయట స్కాట్లండ్ చలిగాలి. లోపలి వైపు ఉబ్బి, బయటి వైపు బిగుసుకున్న కర్ర బీటలు వారుతుంది. అందుకే మంచి కార్ఖానాలో పచ్చి కర్ర లేత్ ఎక్కదు. ముక్కలు కోసి, కొసలకు మైనం పట్టించి, నడుమ సన్నగా తొలిచి, ఏళ్ళ తరబడి ఆరనిస్తారు. వంకరపోయే ముక్క అక్కడే వంకరపోవాలి, కొన్నవాడి భుజం మీద కాదు.

చవక సెట్లకు పేరుపడ్డ ఊరు పాకిస్తాన్‌లోని సియాల్‌కోట్. అక్కడ ఎక్కువగా వాడేది శీషం. సుందరకాండలో సీతమ్మ కూర్చున్న శింశుప ఇదేనంటారు. శీషం, మన జిట్టేగి, ఆఫ్రికా ఎంపింగో, మూడూ డాల్బెర్జియా ప్రజాతివే. శీషానికి బ్లాక్‌వుడ్ అంత బరువూ బిగువూ లేవు, నిజమే. అయినా చవక సెట్టు శ్రుతి నిలవకపోవడానికి కర్రకన్నా పెద్ద కారణం లోపలి రంధ్రం. డ్రోన్ రంధ్రం ఆసాంతం ఒకే వెడల్పు ఉండదు. ఒక్కొక్క భాగంలో వ్యాసం మారి, పైన చిన్న గది దగ్గర ముగుస్తుంది. ఛాంటర్ రంధ్రం కిందికి పోనుపోను వెడల్పవుతుంది. ఈ కొలతలు అణువంత తప్పినా స్వరం తప్పుతుంది. తప్పు కొలతతో తొలిస్తే ఎంపింగో కూడా కాపాడలేదు. కొలత కుదిరితే డెల్రిన్ అనే ప్లాస్టిక్ గొట్టం కూడా చక్కగా శ్రుతి పడుతుంది.

అందుకే పాతకాలపు తయారీదారుల పేర్లను పైపర్లు ఇప్పటికీ గౌరవంగా తలుస్తారు. గ్లాస్గోలో పీటర్ హెండర్సన్, ఆర్.జి. లారీ. అబర్‌ఫెల్డీలో డంకన్ మెక్‌డూగల్. ఎడిన్‌బరోలో గ్లెన్ కుటుంబం. హెండర్సన్ డ్రోన్లు నిండుగా, ధీమాగా మోగుతాయనీ, మెక్‌డూగల్ నాదం మెత్తగా అల్లుకుంటుందనీ చెబుతారు. వాళ్ళు వెళ్ళిపోయారు, వాళ్ళ కొలతలు మిగిలాయి. ఈనాటి తయారీదారులు ఆ పాత సెట్లను కొలిచి, ఆ రంధ్రాలనే కొత్త కర్రలో మళ్ళీ తొలుస్తున్నారు. ఒక చేతి పనితనం వందేళ్ళ తరవాత మరో చేతిలో బతకడం నాకెంతో నచ్చిన సంగతి.

ఈ సంతోషం వెనక ఒక బాధ్యత కూడా ఉంది. వాడదగ్గ లావు రావడానికి ఎంపింగోకు డెబ్బై ఏళ్ళకు పైనే పడుతుంది. మాను వంకర, తరచు బోలు. కోసినదాంట్లో పనికొచ్చేది కొంచెమే. 2017 జనవరిలో ఈ జాతి కలప అంతర్జాతీయ వర్తకం మీద, ముప్పులో ఉన్న జాతుల వర్తకాన్ని అదుపుచేసే సైటిస్ ఒప్పందం కింద నియంత్రణ వచ్చింది. తయారైన వాయిద్యాలకు 2019 నవంబరు నుంచి మినహాయింపు ఇచ్చారు. టాంజానియాలోని కిల్వా ప్రాంతపు గ్రామాలవాళ్ళు తమ అడవిని తామే చూసుకుంటూ, లెక్క ప్రకారం నరికి అమ్ముతున్నారు. అడవిని బాధ్యతగా చూసుకుంటున్నారని తెలిపే ఎఫ్‌ఎస్‌సి ధ్రువీకరణ ఆ అడవులకు 2009లో లభించింది. కర్ర ఎక్కడిదని అడిగితే తడుముకోకుండా చెప్పేవాడే నమ్మదగ్గ తయారీదారు. పాత సెట్టు కొనేవాళ్ళు చూసుకోవలసినది మరొకటి, గొట్టాల మీది కట్లు దేనితో చేశారన్నది. ఆ కాలంలో కట్లకు ఏనుగు దంతం వాడారు. ఇప్పుడు వెండి, దంతంలా కనిపించే ప్లాస్టిక్ ఆ పనికి చాలు.

కొనబోయేవారికి నా మాట ఇది. ముందు సంచీ డ్రోన్లూ లేకుండా సాధన కోసం వాడే ప్రాక్టీస్ ఛాంటర్ మీద వేళ్ళు కుదరనివ్వండి. తరవాత నచ్చిన సెట్టును మరొకరి భుజం మీద ఉంచి, నాలుగడుగుల దూరం నుంచి వినండి. డ్రోన్లు మూడూ ఒకటిగా వినిపిస్తున్నాయో లేదో మీ చెవే చెబుతుంది. కర్ర ఎన్నేళ్ళు ఆరింది, ఎవరి కొలత పట్టారు, బీటవారితే ఎవరు బాగుచేస్తారు అని తయారీదారుని అడగండి. వానలో, చలిలో కవాతు చేసేవారికి ప్లాస్టిక్ సెట్టు చిన్నతనమేమీ కాదు. బ్లాక్‌వుడ్ మాత్రం క్రమం తప్పకుండా వాయించేవారిదే కావాలి. నెలల తరబడి ఎండిపోయి, ఒక్కసారిగా తడిసిన కర్రే ముందు పగులుతుంది. పైగా మనిషి ఆయుష్షంత కాలం పెరిగిన చెట్టును కొట్టి చేసిన వాయిద్యం పెట్టెలో పడి ఉండటం ఆ చెట్టుకూ, దాన్ని తొలిచిన చేతికీ అన్యాయం. రోజూ వాయిస్తానన్న నమ్మకం మీకు కుదిరినప్పుడు బ్లాక్‌వుడ్ అడగండి.