పాలకొల్లు నుంచి కందికుప్ప దాకా

పాలకొల్లులో కాలవ గట్టు మీద టీ తాగి బయల్దేరాను. కాగితం కప్పు. తాగి, నలిపి పారేశాను.

నా చిన్నప్పుడు మా ఊరి హోటల్లో గాజు గ్లాసులు బల్ల మీదుండేవి. ఒక్క సత్తు గ్లాసు మాత్రం చూరులో దోపి ఉండేది, అంచు ఒకపక్క సొట్టపడి. పేటవాళ్లు వస్తే దాన్ని తామే తీసుకుని, పైనుంచి పోయించుకుని, బయట గొంతుక్కూర్చుని తాగి, తామే కడిగి మళ్లీ చూరులో దోపేవారు. ఆ గ్లాసు ఎవరిదని నేనెప్పుడూ అడగలేదు. అమెరికా దక్షిణాది రాష్ట్రాల్లో మంచినీళ్ల కుళాయిల దగ్గర తెల్లవాళ్లకిది, నల్లవాళ్లకిది అని బోర్డులు పెట్టేవారట. మా హోటలాయనకి ఆ రంగు డబ్బా ఖర్చు కూడా లేకపోయింది.

1959లో మార్టిన్ లూథర్ కింగ్ కేరళ వచ్చినప్పుడు, దళిత పిల్లల బడిలో ఆయన్ని అమెరికా నుంచి వచ్చిన సాటి అంటరానివాడని పరిచయం చేశారు. మొదట మనసు చివుక్కుమందని, తర్వాత ఆలోచిస్తే నిజమేననిపించిందని ఆయనే చెప్పుకున్నాడు. కింగ్ ఫోటో మన కాలేజీల గోడల మీద చూశాను. నేనిప్పుడు వెళ్తున్నది దళితుల లాయరు, కవి బొజ్జా తారకం పుట్టిన ఊరికి. ఆయన ఫోటో అన్ని గోడలకీ ఎక్కలేదు.

దిగమర్రు దాటగానే చించినాడ వంతెన, కింద గోదారి పాయ వశిష్ఠ. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక ఈ గోదారే కాలవలై ఊరూరా తిరిగింది. నీళ్లకి కొదవ లేదు గానీ రేవులు వేరు. మా ఊళ్లో మా రేవు ఎగువన, పేటవాళ్ల రేవు దిగువన. మేం కడుక్కున్న నీళ్లు వాళ్ల బిందెల్లోకి వెళ్లొచ్చు. వాళ్లు ముంచిన నీళ్లు మా బిందెల్లోకి రాకూడదు.

దిండి, రాజోలు, తాటిపాక. కొబ్బరితోటలు, రొయ్యల చెరువులు. మామిడికుదురులో కాసేపు ఆగాను. 1911లో బోయి భీమన్న పుట్టిందిక్కడే. ఆయన ‘పాలేరు’ నాటకంలో పాలేరు కుర్రాడు చదువుకుని డిప్యూటీ కలెక్టరవుతాడు. అది చూసి బడి దారి పట్టిన పాలేర్లున్నారని చెబుతారు. భీమన్న కూతురు విజయభారతి తెలుగులో అంబేద్కర్ జీవితచరిత్ర రాశారు. తారకం భార్య ఆవిడే.

బోడసకుర్రు దగ్గర వైనతేయ పాయ దాటితే అమలాపురం. 2022 మే 24న, కోనసీమ జిల్లాకి అంబేద్కర్ పేరు పెట్టొద్దంటూ ఇక్కడ మంత్రి ఇల్లు తగలబెట్టారు. పేరు మాత్రం ఉండిపోయింది.

కందికుప్పలో 1939లో తారకం పుట్టారు. తాత గోవిందదాసు తత్వాలు పాడేవాడు. తండ్రి అప్పలస్వామి 1952లో షెడ్యూల్డ్ కులాల ఫెడరేషన్ తరఫున ఎమ్మెల్యే. తారకం నిజామాబాద్‌లో లాయరు, ఎమర్జెన్సీలో ఖైదీ. ‘నది పుట్టిన గొంతుక’ అని ఒక కవితల పుస్తకానికి, ‘నాలాగే గోదావరి’ అని ఇంకోదానికి పేరు పెట్టుకున్నారు. నాకు మాత్రం ‘పోలీసులు అరెస్టు చేస్తే’ అన్న ఆయన పుస్తకమే ఎక్కువిష్టం. చట్టం గురించి లాయర్లు లాయర్ల కోసం రాసుకుంటారు; ఆయన స్టేషన్లో బెంచీ పక్కన నేలమీద కూర్చోవాల్సినవాడి కోసం రాశారు.

1985 జులైలో కారంచేడు గొడవ మొదలైందీ నీళ్ల దగ్గరే. మాదిగపల్లె వాళ్లు తాగే చెరువు దగ్గర ఊళ్లోవాళ్లు గేదెల కుడితి బకెట్లు కడుగుతుంటే పల్లెవాళ్లు అడ్డుచెప్పారు. మర్నాడు 17న ఊళ్లోవాళ్లు పల్లె మీద పడి ఆరుగురిని చంపారు. అప్పుడు తారకం హైకోర్టులో ప్రభుత్వ ప్లీడరు. ఆ ఉద్యోగానికి రాజీనామా చేశారు. దళిత మహాసభకి అధ్యక్షుడయ్యారు. 2016లో పోయేదాకా ఇలాంటి కేసులే ఆయన బతుకు.

కందికుప్పలో ఎండ మాడ్చేస్తోంది. ఒక ఇంటి ముందు బండి ఆపి మంచినీళ్లడిగాను. పెద్దావిడ స్టీలు గ్లాసుతో వచ్చి, అరుగు మీదే ఆగిపోయింది.

“మేం పేటవాళ్లమండీ. తాగుతారాండీ?”

“ఇవ్వమ్మా,” అన్నాను.

ఎత్తి పోసుకోకుండా అంచు పెదాలకానించి తాగాను. ఆవిడ గ్లాసు వైపే చూస్తూ నిలబడింది.