మీ పేరుతోనే పంపండి

భైంసాలో తెలుగు, మరాఠీ, ఉర్దూ వింటూ పెరిగి డిగ్రీకొచ్చిన ఆడపిల్లలు "స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌లో మాకేం పనుంటుంది మేడమ్?" అని అడుగుతుంటారు.

2006లో లినక్స్ డెస్క్‌టాప్ తయారుచేసే గ్నోమ్ ప్రాజెక్టుకు గూగుల్ వేసవి పథకం కింద 181 దరఖాస్తులొస్తే ఒక్కటీ స్త్రీది లేదు. స్త్రీలకని విడిగా పిలిస్తే ఆ వేసవిలోనే 100 దాకా వచ్చాయి. అప్పటిదాకా పిలవకపోవడమే అసలు సంగతి.

కోడ్ రాకపోయినా మొదలుపెట్టొచ్చు. తెరమీద కొరుకుడుపడని తెలుగు మాట కనిపిస్తే, పాత అనువాదాలు చూసి, మీ ఇంట్లో పలికే మాట సూచించండి. సందేహాలు అందరి ముందే అడగండి, జవాబు మరొకరికీ ఉపయోగపడుతుంది. దిద్దితే కుంగిపోకండి.

మన అమ్మమ్మల చాకిరీ ఏ లెక్కల్లోకీ ఎక్కలేదు. ఇక్కడ ప్రతి మార్పు పక్కనా చేసినవాళ్ళ పేరు నిలుస్తుంది. అన్నదమ్ముల పేరుతో కాదు, మీ పేరుతోనే పంపండి.