నాహాలో పాట, కాకరకాయ, కాసేపు ఆట

బారు అనగానే మొహం చిట్లించకండి! జపాన్‌కి దక్షిణాన ఉన్న ఒకినావా దీవిలో, నాహా పట్నంలో, పాటల బార్లకి కుటుంబాలతో సహా వస్తారు. బియ్యంతో చేసే అవామోరీ సారా వద్దనుకుంటే మల్లెపూల వాసనవేసే 'సన్‌పిన్' టీ అడగండి. అడక్కుండానే చిన్న గిన్నెలో ఏదో పెట్టి బిల్లులో కలిపితే కోప్పడకండి, జపాన్‌లో అది మామూలే.

మన కాకరకాయ కూడా ఉంటుందక్కడ! నిలువునా చీల్చి, గింజలు తీసి, పల్చగా తరిగి, ఉప్పు రాసి పిండి, టోఫు, గుడ్డు వేసి వేయిస్తారు. చింతపండూ లేదు, బెల్లమూ లేదు. పంది మాంసం కూడా వేస్తారు, తిననివాళ్లు ముందే చెప్పాలి సుమా.

చిన్న వేదికమీద మూడు తీగల సాన్‌షిన్ వాయిస్తూ పాడతారు. 1945 యుద్ధంలో ఈ దీవి జనంలో ఇంచుమించు నాలుగోవంతు పోయారు. మిగిలినవాళ్లు శిబిరాల్లో ఖాళీ డబ్బాకి కర్ర తగిలించి, పారాచూట్ దారాలు బిగించి సాన్‌షిన్ చేసుకున్నారు. తిండికే కరువైన రోజుల్లో!

ఆఖర్న పాట జోరందుకుంటే అందరూ లేస్తారు. ఆ ఆట పేరు కచాషీ, అంటే కలియబెట్టడం. చేతులు పైకెత్తి, మణికట్లు తిప్పుతూ అటూ ఇటూ ఊపాలి. ఆడవాళ్లు అరచేతులు తెరిచి, మగవాళ్లు పిడికిలి మూసి. జంట అక్కర్లేదు, ఎవరూ ఎవర్నీ పట్టుకోరు. చీరలోనూ హాయిగా ఆడొచ్చు. పక్క బల్ల దగ్గరి ముసలమ్మ రమ్మని సైగ చేస్తే మాత్రం మొహమాటపడి కూర్చోకండి.