రామన్నపేట నుంచి మాహిష్మతికి!

క్రిస్మస్ సెలవులంటే మీకేం గుర్తొస్తుంది? ప్లమ్ కేకు, గుమ్మానికి కట్టిన నక్షత్రం, కొత్త సినిమా మార్నింగ్ షో... అంతేగా! మా అక్క కూతురు చిట్టికి మాత్రం ఒక్కటే గుర్తొస్తుంది. ఫిల్మ్ సిటీ!

చిట్టి చదివేది మిషన్ బడిలో. మిగతా బళ్ళకు క్రిస్మస్ అంటే ఒకటి రెండు రోజుల ముచ్చట. వీళ్ళకు మాత్రం వరసగా నాలుగైదు రోజులు సెలవులిస్తారు. మూడేళ్ళ నుంచీ ప్రతి డిసెంబరులోనూ అదే పాట: "మామా, బాహుబలి సెట్టు చూపిస్తనన్నవు గదా!" మూడేళ్ళూ ఏదో ఒక సాకు చెప్పి తప్పించుకున్నాను. మొన్న డిసెంబరులో మాత్రం దొరికిపోయాను. సినిమా పేజీలకు రాసుకునే మామ ఉండీ ఫిల్మ్ సిటీ చూపించకపోతే బళ్ళో పరువేం కావాలి చెప్పండి?

అక్కా వాళ్ళది రామన్నపేట. ఒకప్పుడు నల్లగొండ జిల్లా. 2016లో జిల్లాల విభజన జరిగాక యాదాద్రి భువనగిరి జిల్లా. సికింద్రాబాదు నుంచి గుంటూరు వెళ్ళే రైలు మార్గంలో స్టేషను. బావది వడ్రంగం. తుమ్మ నాగళ్ళ దగ్గర్నుంచి టేకు దర్వాజల దాకా ఆయన చెయ్యి పడని ఇల్లు ఆ చుట్టుపక్కల తక్కువే. అయితే నాగళ్ళు ఎప్పుడో పోయాయి, ఇప్పుడు దర్వాజలు కూడా పట్నం నుంచి రెడీమేడుగా దిగుతున్నాయి. ఆ మాట వచ్చినప్పుడల్లా బావ రందను ఇంకాస్త గట్టిగా తోస్తాడు తప్ప పెదవి విప్పడు.

దాబా మీద ఓ రహస్యం

ప్రయాణానికి ముందు రాత్రి. చలికి దుప్పటి కప్పుకుని దాబా మీద కూర్చున్నాను. అక్క కొడుకు శీను మెల్లగా పక్కన చేరాడు. ఇంటర్ అయిపోయి ఏడాదైంది. నాన్న దుకాణం ముఖం చూడడు. "రందె పట్టుకుంటే నా చేతులకు కాయలు కాస్తయి, రేపు క్లోజప్పుల ఎట్ల కనబడతయి?" అనే రకం. అర్థమైంది కదా, సినిమా పిచ్చి!

"మామా, నీకొక ముచ్చట చెప్తా. నాయినతోటి అనొద్దు."

సంగతేమిటంటే, పట్నంలో ఎవరో 'కోఆర్డినేటర్' దొరికాడట. పెద్ద సినిమాలో హీరో స్నేహితుడి వేషం ఇప్పిస్తాడట. ఫోటోలకని ఐదు వేలు ఇదివరకే పంపించేశాడు. ఇరవై ఎనిమిదో తారీఖు లోపల ఇంకో ఇరవై ఐదు వేలు కడితే 'కార్డు' వస్తుందట! ఆ ఇరవై ఐదు వేలూ ఎక్కడున్నాయో తెలుసా? బీరువాలో. ఓ కొత్త ఇంటి దర్వాజలకని బావకు వచ్చిన బయానా డబ్బులు అవి.

నా గుండె గుభేలుమంది. కానీ వెంటనే తిట్టలేకపోయాను. ఎందుకంటే నేనూ ఇరవై ఏళ్ళప్పుడు కృష్ణానగర్ చౌరస్తాలో ఫోటోల కవరు పట్టుకుని నిలబడ్డవాణ్ణే. ఈ సంగతి మా ఇంట్లో ఎవరికీ తెలీదు. అలాంటి కోఆర్డినేటరుకే నేను కూడా డబ్బు కట్టాను. ఆ మనిషి ముఖం మళ్ళీ చూడలేదు.

"రేపు ఫిల్మ్ సిటీ చూసొద్దాం. ఆ తర్వాత మాట్లాడుకుందాం" అన్నాను. పిరికి జవాబే. కానీ ఆ రాత్రికి అంతకంటే ఏం చెప్పాలో తోచలేదు.

వేల ఎకరాల కలల ఊరు

పొద్దున్నే మంచులో బస్సెక్కి చిట్యాల చౌరస్తా చేరాం. అక్కడ టీ తాగి, హైదరాబాదు బస్సు పట్టుకుని, విజయవాడ హైవే మీద చౌటుప్పల్ దాటాం. దారిలో భూదాన్ పోచంపల్లికి తిరిగే రోడ్డు వస్తుంది. 1951 ఏప్రిల్ 18న వినోబా భావే అడిగితే వెదిరె రామచంద్రారెడ్డి వంద ఎకరాలు దానమిచ్చిన ఊరు అది. చిట్టికి చెప్పబోతే, "మామా, గేటొచ్చిందా?" అంది. సరే, పిల్లల లోకం వాళ్ళది!

రామోజీరావు ఈ ఫిల్మ్ సిటీని 1996లో ప్రారంభించారు. ఆయన 2024 జూన్ 8న కన్నుమూశారు. 1,666 ఎకరాలతో ప్రపంచంలోకెల్లా పెద్ద స్టూడియో సముదాయంగా గిన్నిస్ బుక్కులో చోటు దక్కింది. చేతిలో స్క్రిప్టుతో లోపలికెళితే పూర్తయిన సినిమాతో బయటికి రావచ్చన్నది ఇక్కడి సూత్రం. టిక్కెట్టు తలకు వెయ్యి రూపాయలు దాటింది. అక్క కౌంటరు దగ్గర ఓ నిమిషం నిలబడిపోయి, "ఐదుగురికి ఇంతనా! నెల బియ్యం, నూనె వచ్చు" అంది. నేను పర్సు తీసేశాను. మూడేళ్ళ వాయిదాకు వడ్డీ అనుకున్నాను.

అన్నట్టు, స్టూడియోను జనానికి చూపించి టిక్కెట్టు అమ్మడమన్నది కొత్త ఊహేం కాదు. అమెరికాలో కార్ల్ లెమ్లీ 1915లోనే యూనివర్సల్ సిటీ తెరిచి, పాతిక సెంట్లు తీసుకుని జనాన్ని షూటింగులకు రానిచ్చాడు. అవి మూకీల రోజులు కాబట్టి వాళ్ళు ఈలలేసినా చప్పట్లు కొట్టినా ఫరవాలేదు. టాకీలు రాగానే, "నిశ్శబ్దం!" అంటూ తలుపులు మూసేశారు. మళ్ళీ 1964లో బళ్ళెక్కించి చూపించడం మొదలుపెట్టారు. ఈలోగా 1955లో డిస్నీ తన డిస్నీలాండ్ తెరిచేశాడు. అదీ కథ!

మెయిన్ గేటు నుంచి బస్సులో చాలా దూరం లోపలికి తీసుకెళ్ళారు. క్రిస్మస్ రద్దీ గురించి ఏం చెప్పమంటారు! కన్నడం, మరాఠీ, హిందీ, తమిళం... దేశం మొత్తం అక్కడే ఉంది. వింటర్ ఫెస్ట్ అలంకరణలు, రంగుల దీపాలు, బడి పిల్లల వరసలు. అక్క మాత్రం సద్ది మూట గేటు దగ్గర ఎవరైనా ఆపేస్తారేమోనని కొంగు చాటున దాచుకుంది.

చిట్టి బసంతి అయింది!

సినిమా ఎలా తీస్తారో చూపించే షో ఒకటుంది. ప్రేక్షకుల్లోంచి ఓ అమ్మాయిని పిలుస్తారు. ఆ రోజు ఆ అదృష్టం మా చిట్టికే పట్టింది! గుర్రం లేని టాంగాలో కూర్చోబెట్టి, చేతికి కొరడా ఇచ్చారు. ఇద్దరు మనుషులు వెనక నుంచి టాంగాను కుదుపుతున్నారు. 'షోలే'లో బసంతి టాంగా ఛేజు గుర్తుందా? అదే! తర్వాత మరికొందరిని పిలిచి చప్పుళ్ళు చేయించారు. గుర్రం డెక్కల చప్పుడుకు గుర్రమే అక్కర్లేదు, చేతులు ఆడితే చాలు! చివరికి తెర మీద చూస్తే మా చిట్టి కొండరాళ్ళ మధ్య దూసుకుపోతోంది. హాలంతా చప్పట్లు.

'షోలే' కొండలు కర్ణాటకలో, బెంగుళూరు దగ్గరి రామనగరంలో ఉన్నాయి. 1975 నాటి ఆ సినిమా కోసం అక్కడో ఊరి సెట్టే వేశారు. మన నల్లగొండ గుట్టల్లాగే ఒకదాని మీద ఒకటి పేర్చినట్టుండే బండలు. మనకూ రాళ్ళకు కొదవ లేదు మరి!

శీను తెరనే చూస్తున్నాడు. బావ మాత్రం తెర వంక చూడలేదు. టాంగా చక్రం వంక చూస్తున్నాడు. "ఆకులు మంచిగనే ఎక్కిచ్చిండ్రు" అన్నాడు తనలో తనే. తెల్లారినప్పటి నుంచి బావ మాట్లాడిన మొదటి మాట అది.

అక్కణ్ణుంచి ఎర్ర బస్సులో ఊరంతా తిప్పారు. ఒక భవనం ముందు నుంచి ఒకటి, పక్క నుంచి ఇంకొకటి. ఎదుట నిలబడితే వీధి, వెనక్కి వెళితే కర్రలు, మేకులు. రైల్వే స్టేషను కూడా ఉంది. బోర్డు మీద పేరు మారిస్తే ఏ ఊరు కావాలంటే ఆ ఊరు. "గిప్పుడు రామన్నపేట అని రాస్తే?" అంది చిట్టి. "అప్పుడు రైలు రాదు" అన్నాడు శీను. అందరం నవ్వాం. కానీ వాడే మళ్ళీ ఆగి, ఆ పట్టాలు ఎక్కడ ఆగిపోయాయో మెడ చాచి చూశాడు.

స్తంభం మీద మూడు దెబ్బలు

మాహిష్మతి! రాజమౌళి 'బాహుబలి' 2015లో మొదటి భాగం, 2017లో రెండో భాగం వచ్చాయి కదా. సాబు సిరిల్ కళా దర్శకత్వంలో వేసిన సెట్టును యాత్రికుల కోసం ఉంచేశారు. ఎత్తైన స్తంభాలు, ఏనుగుల బొమ్మలు. శీను ఓ ఏనుగు పక్కన ఛాతీ విరిచి నిలబడి ఫోటో తీయించుకున్నాడు.

బావ ఓ స్తంభం దగ్గరికి వెళ్ళి వేలి కణుపుతో మూడు దెబ్బలు కొట్టాడు. డబ్... డబ్... డబ్. చెవి పెట్టి విన్నాడు. "రాయి కాదు. లోపల కట్టె చట్రం. మీద అచ్చు పోసి రంగేసిండ్రు. అతుకు ఏడున్నదో కానస్తలేదు. ఇది కట్టినోడు పనోడు!"

పక్కనే ఓ పనివాడు పెచ్చు లేచినచోట మరమ్మతు చేస్తున్నాడు. నవ్వి, "మీరు కూడా వడ్రంగులేనా అన్నా?" అన్నాడు. ఇంకేముంది, ఇద్దరూ కలిసిపోయారు. చట్రం ఎలా కడతారు, అచ్చు ఎలా తీస్తారు, గాలివానకు కూలకుండా వెనక ఊతాలు ఎలా ఇస్తారు... పావుగంట! ఎప్పుడూ పొడి మాటలు మాట్లాడే బావ చేతులతో గాలిలో బొమ్మలు గీస్తున్నాడు. శీను నోరు తెరుచుకుని చూస్తున్నాడు, వాళ్ళ నాన్నను మొదటిసారి చూస్తున్నట్టు.

"హీరో వచ్చేది తర్వాత తమ్మీ. ముందుగాల మేమొస్తం" అన్నాడు పనివాడు శీనుతో.

శీను గొంతు సవరించుకున్నాడు. "అన్నా... సినిమాల చేరాలంటే ఎంత కట్టాలె?"

"కట్టుడేంది?" పనివాడు పకపకా నవ్వాడు. "పనికొచ్చినోడికి వాళ్ళే బత్తా ఇస్తరు. నువ్వు ఎదురు కట్టుడేంది తమ్మీ?"

శీను ముఖంలో రంగు మారింది. నా వంక చూశాడు. నేను తల దించుకున్నాను. దాబా మీద నేను చెప్పాల్సిన ముక్క అదే కదా!

మీరు కూడా వినండి. సినిమాకు ఇరవై నాలుగు శాఖలంటారు. పోస్టరు మీద కనబడే ముఖం అందులో ఒక్క శాఖ. 'మాయాబజార్' (1957) మాయకు గోఖలే, కళాధర్ కళాదర్శకులు. మచిలీపట్నంలో పుట్టిన తోట తరణి 'నాయకన్' (1987) కోసం మద్రాసు స్టూడియోలో బొంబాయి ధారావిని నిలబెట్టి జాతీయ అవార్డు తెచ్చుకున్నారు. అంతెందుకు, మా రామన్నపేట వాళ్ళు మొక్కుకునే యాదగిరిగుట్ట ఆలయం లేదూ? 2022 మార్చి 28న తిరిగి తెరిచిన ఆ నల్లరాతి గుడికి రూపకల్పన చేసిన ఆనంద్ సాయి సినిమాలకు సెట్లు వేసిన మనిషే! పూణె ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లో కళాదర్శకత్వానికి ప్రత్యేకంగా కోర్సే ఉంది. వేషం ఇప్పిస్తామని ముందే డబ్బడిగేవాడు మాత్రం ఈ ఇరవై నాలుగు శాఖల్లో ఎక్కడా లేడు.

చిట్యాల టీ

సాయంత్రం దీపాలు వెలిగాయి, కార్నివాల్ ఊరేగింపు సాగింది. చిట్టి నా భుజాల మీదెక్కి కేరింతలు. అక్క కూడా తాళం వేసింది. శీను మాత్రం మౌనం.

తిరుగు బస్సులో నా పక్కన కూర్చున్న శీనుకు కృష్ణానగర్ సంగతి చెప్పేశాను. ఎంత కట్టిందీ, ఎన్నాళ్ళు ఎదురుచూసిందీ, అంతా. వాడు చాలాసేపు కిటికీలోంచి చీకటి చూశాడు. తర్వాత లేచి వెళ్ళి వాళ్ళ నాన్న పక్క సీట్లో కూర్చున్నాడు. ఏం చెప్పాడో నాకు వినబడలేదు. బావ మెడ బిగుసుకోవడం మాత్రం కనబడింది. చిట్యాల దాకా ఒక్క మాట లేదు.

చౌరస్తాలో దిగాం. చలి వణికిస్తోంది. బావ ఐదు టీలు చెప్పాడు. మొదటి గ్లాసు తీసుకెళ్ళి శీను చేతిలో పెట్టాడు. "ఐదు వేలు పోయినయి. బయానా నిలిచింది" అన్నాడు. కాస్త ఆగి, "నువ్వు సినిమాలకు పోతనంటే నేనొద్దనలే. కాని చెయ్యి నేర్చుకోని పో. రేపు పొద్దుగాల దుకాణానికి రా."

ఇరవై ఎనిమిదో తారీఖున నేనింకా రామన్నపేటలోనే ఉన్నాను. దుకాణంలో శీను రంద పట్టుకుని ఓ టేకు చెక్కతో కుస్తీ పడుతున్నాడు. ఫోను మోగింది. కోఆర్డినేటరు! శీను నా వంక చూసి, స్పీకరు పెట్టి, చాలా మర్యాదగా అడిగాడు:

"అన్నా, నాకు రోజుకు బత్తా ఎంతిస్తరు?"

అవతల ఫోను ఠక్కున పెట్టేశారు. బావ తల ఎత్తలేదు గానీ, మీసాల చాటున నవ్వడం నేను చూశాను.

మీరు కూడా సెలవుల్లో ఫిల్మ్ సిటీ చూసి రండి. క్రిస్మస్ రోజుల్లో జనం ఎక్కువ, టిక్కెట్లు ముందే తీసుకుని పొద్దున్నే చేరండి. రాత్రికి ఉండాలనుకుంటే లోపల సితార, తార హోటళ్ళున్నాయి, జేబు బరువును బట్టి. స్వెట్టరు మరిచిపోకండి. మాహిష్మతికి వెళ్ళినప్పుడు ఏనుగు పక్కన ఫోటో దిగండి, తప్పులేదు. ఆ తర్వాత ఓసారి స్తంభం మీద వేలితో తట్టి కూడా చూడండి.