మధ్యాహ్న భోజనవేళ నేర్చిన పాఠం

హోసూరు ప్రాంతంలో తెలుగు బోధకుడిగా చేరిన తొలి ఏడాది, నా తరగతిలోని పిల్లలు 'గది' అని పలుకుతూనే 'కది' అని వ్రాసేవారు. అశ్రద్ధ అనుకొని పదేసి సార్లు వ్రాయించాను. ఫలితం లేకపోగా, ఒక పిల్లవాడు తెలుగు పుస్తకం తెరవడమే మానివేశాడు. ఏడాది చివర తల్లిదండ్రులు అతనిని తెలుగు లేని బడిలో చేర్చారు.

ఆ తరువాత గాని ఈ సంగతి తోటివారికి చెప్పడానికి నాకు మనసొప్పలేదు. భోజనవేళ విన్న పెద్ద టీచరమ్మ, "అది పిల్లల తప్పు కాదప్పా. అరవంలో రెంటికీ ఒకటే అక్షరం. గొంతు మీద వేలు పెట్టించి పలికించు" అన్నారు. 'గ' అంటే గొంతు అదురుతుంది. 'క' అంటే అదరదు. మరునాడు తరగతి అంతా గొంతులు తడుముకొని నవ్వుతూ నేర్చుకొన్నది. 'ఖ' పలికేటప్పుడు నోటి ముందు అరచేయి పెట్టించి గాలి తాకిడిని చూపే ఉపాయం మరొక మిత్రుడు చెప్పాడు.

తమిళనాట 2006 నాటి చట్టంతో ఒకటవ తరగతి నుండి దశలవారీగా తమిళం తప్పనిసరి అయినది. రెండు లిపులూ ఒకేసారి నేర్చే పిల్లల చిక్కులు నా శిక్షణలో ఎవరూ చెప్పలేదు.

ఒకే పని చేసేవారు ఒకరినుండి ఒకరు నేర్చుకొనే ఇటువంటి కూటములను గూర్చి జీన్ లేవ్, ఎటియెన్ వెంగర్ 1991లో ఒక గ్రంథం వ్రాశారు. జిరాక్స్ యంత్రాలు బాగుచేసే ఉద్యోగులను పరిశీలించిన జూలియన్ ఓర్ 1996 నాటి తన పుస్తకంలో, మార్గదర్శక పుస్తకానికి అందని చిక్కులను వారు పరస్పరం చెప్పుకొనే అనుభవాలతోనే విడదీసుకొనేవారని చూపాడు. మనం కాలక్షేపమనుకొనే ముచ్చట్లలో ఇంత విద్య ఉన్నది.

టీచరమ్మ పదవీ విరమణ చేసిన రోజున, ఆమెను అడగనివి ఎన్ని మిగిలిపోయాయో తెలిసివచ్చింది. అప్పటినుండి మా గదిలో ఒక నోటుపుస్తకం ఉంచాము. పిల్లవాడు చేసిన తప్పు, మేము చేసిన ప్రయత్నం, దాని ఫలితం అందులో వ్రాస్తాము. మొదటి పుటలో నా 'గది' కథే ఉన్నది.

తోటి ఉపాధ్యాయులారా, తెలిసినది చెప్పడం సులభం. తెలియదని చెప్పడమే కష్టం. ఆ మాట నేను ఒక ఏడాది ముందు అని ఉంటే, ఆ పిల్లవాడు నేడు తెలుగు చదివేవాడేమో!