మా ఊరి సిగ్నల్ బండ



సెలవులు అయిపోయి హాస్టల్‌కు తిరిగొచ్చాక మనం చెప్పుకునే కబుర్లు రెండే. ఒకటి పనసపళ్ళు, రెండోది సిగ్నల్. "మీ ఊర్లో వస్తాదా? ఎక్కడ నిలబడితే వస్తాది?" అని ఒకరినొకరం అడుక్కుంటాం. అందుకే ఈసారి గోడ పత్రికకు మా ఊరి సిగ్నల్ బండ గురించి రాస్తున్నాను.

మాది అల్లూరి సీతారామరాజు జిల్లాలో కొండ కింద పల్లంలో ఉన్న చిన్న ఊరు. ఊర్లో ఫోన్లు ఉన్నాయి గానీ సిగ్నల్ లేదు. ఊరి వెనక గట్టు అరగంట ఎక్కితే ఒక పెద్ద నల్ల బండ వస్తుంది. ఒకప్పుడు పశువులు కాసేవాళ్ళు అక్కడ కూర్చుని అంబలి తాగేవారట. ఇప్పుడు దాని పేరే సిగ్నల్ బండ. వలస పోయిన కొడుకుతో మాట్లాడాలన్నా, పింఛను సంగతి కనుక్కోవాలన్నా, సినిమా పాట చూడాలన్నా అక్కడికే పోవాలి.

ఊర్లో లేనిది బండ మీద ఎందుకు ఉందో సైన్సు మాస్టారు చెప్పాక తెలిసింది. టవరు నుంచి వచ్చే రేడియో తరంగాలు దాదాపు సూటిగా పోతాయి. కొండ అడ్డం వస్తే దాని వెనక ఎండకు నీడ పడినట్టే సిగ్నల్‌కూ నీడ పడుతుంది. మా ఊరు ఆ నీడలో ఉంది. బండ మీద నిలబడితే రాత్రిపూట దూరంగా టవరు ఎర్ర దీపం కనపడుతుంది. అక్కడికి అడ్డం లేదు కాబట్టే ఫోను పలుకుతుంది.

ఇక అసలు విషయం. మా అక్క పదో తరగతి పాసయింది. మా ఇంట్లో పది పాసైన మొదటి మనిషి. కాలేజీ సీటుకు దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే పెట్టాలి. మా వైపు జీపు సంత రోజునే వస్తుంది. సంత దాటిపోయింది. ఆఖరు తేదీకి ఒక్క రోజే మిగిలింది. అయ్య, "పోతే పోనీయే, పోడులో పని ఉంది గదా" అన్నాడు. అక్క ఏమీ అనలేదు. సర్టిఫికెట్లు ప్లాస్టిక్ సంచిలో చుట్టుకొని గట్టు దారి పట్టింది. నేను వెనకాల నడిచాను.

సాయంత్రం బండ మీద పదిమంది దాకా ఉన్నారు. ఫారం తెరుచుకుంటుంది, ఫోటో పంపబోతే గుండ్రంగా తిరిగి తిరిగి ఆగిపోతుంది. ఇంతలో ఉరుములు మొదలయ్యాయి. "పిడుగు పడతాది, దిగండర్రా" అని తాత అందరినీ దింపేశాడు. ఆ రాత్రి అక్క అన్నం తినలేదు.

మా మామ విశాఖపట్నంలో కూలికి పోయి వచ్చిన మనిషి. ఆయన, "తెల్లారగట్ల పోదాం. టవరు అందరిదీ గదా, జనం నిద్రలో ఉంటే మనకు జోరుగా వస్తాది" అన్నాడు. నాలుగు గంటలకు వాన వెలిసింది, ఉరుములు లేవు. దివిటీలు పట్టుకొని ఎక్కాము. మామ తన ఫోనులో హాట్‌స్పాట్ పెట్టి, సంచిలో వేసి, వెదురుగడ కొసకు కట్టి పైకి లేపాడు. మేము కింద బావ ఫోను పట్టుకొని కూర్చున్నాము. పై ఫోను సిగ్నల్ పట్టి కింది ఫోనుకు ఇస్తుంది. ఫారంలో ఫోటో 50 కేబీకి మించకూడదని ఉంది. దాన్ని కత్తిరించి చిన్నది చేశాం. ఈసారి పోయింది!

కానీ ఓటీపీ రావాల్సింది అయ్య నంబరుకు. బడిలో రాయించిన నంబరు అదే. ఆ బటన్ల ఫోను ఇంట్లో ఉండిపోయిందని అక్క ఏడుపు మొగం పెట్టింది. వెనక్కి చూస్తే అయ్య చీకట్లో నిలబడి ఉన్నాడు. ఎప్పుడు వచ్చాడో తెలీదు. అయ్యకు అక్షరాలు రావు, అంకెలు వస్తాయి. సంతలో కాటా చూసి నేర్చుకున్నాడు. ఆరు అంకెలూ ఒక్కొక్కటే గట్టిగా చదివాడు. అక్క నొక్కింది. దరఖాస్తు నంబరు వచ్చింది. అయ్య, "అయిపోయిందా?" అని ఒక్క మాట అడిగి పోడుకు పోయాడు. ఇప్పుడు అక్క కాలేజీ హాస్టల్లో ఉండి చదువుకుంటోంది.

నేను తెలుసుకున్నవి మీకూ పనికొస్తాయని రాస్తున్నాను.

1. సిగ్నల్ లేని చోట ఫోను దాన్ని వెతుక్కుంటూనే ఉండి ఛార్జింగ్ తినేస్తుంది. గట్టు ఎక్కేదాకా ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి.
2. నెట్ రాకపోయినా, మాట వినపడకపోయినా, చాలాసార్లు ఎస్సెమ్మెస్ పోతుంది. అవసరమైన కబురు అలా పంపండి.
3. పాఠాలు, ఫారాలు, మ్యాపులు మండలంలో ఉన్నప్పుడే దించి ఉంచుకోండి.
4. మన సిమ్‌కు సిగ్నల్ లేకపోయినా వేరే కంపెనీ టవరు అందితే 112కు ఫోను పోతుంది. ఏ టవరూ అందకపోతే అదీ పోదు.
5. ఉరిమేటప్పుడు బండ మీద, చెట్టు కింద ఉండకండి.

108 అంబులెన్సు మన రాష్ట్రంలో 2005లో వచ్చింది. కానీ దాన్ని పిలవడానికి కూడా మేము ముందు గట్టు ఎక్కాలి. ఒకరు పైకి పరుగెత్తుతారు, మిగతావాళ్ళు డోలీ కడతారు. పురిటి నొప్పులు పడే మనిషికి ఆ అరగంట ఎంత పెద్దదో మా ఊరి ఆడవాళ్ళను అడిగితే చెబుతారు. టవరు కావాలని మేము అడిగేది పాటల కోసం మాత్రమే కాదు. దేశంలో 4జి లేని 24,680 ఊళ్ళకు దాన్ని ఇవ్వాలని కేంద్ర ప్రభుత్వం 2022 జూలైలో నిర్ణయించింది. మా పల్లానికీ ఆ వెలుగు రావాలని కోరుకుంటున్నాను.

అందాకా మనం చేయగలిగింది ఒకటుంది. ఫారం నింపడం మనకు వచ్చు, మన అమ్మానాన్నలకు రాదు. సెలవులకు ఇంటికి పోయినప్పుడు పాటలు చూసేముందు ఊర్లో ఎవరి కాగితం ఆగిపోయిందో అడగండి. ఆ ఒక్కటీ నింపి పెట్టండి. మనల్ని చదివిస్తున్నందుకు ఊరికి అంతైనా చేయాలి గదా!

ఇట్లు,
మీ మిత్రుడు,
9వ తరగతి